హాలాంగ్ బేలో పడవ మీద రాత్రి: ఏ నీళ్ళు, ఎన్ని రాత్రులు, ఏ పడవ?

వియత్నాంకి విమానం టికెట్లు కొనేస్తాం, హనోయ్‌లో హోటల్ కూడా చూసుకుంటాం. కొండదీవులతో నిండిన హాలాంగ్ అఖాతంలో రాత్రి పడవ, అంటే హాలాంగ్ బే క్రూజ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగిపోతుంది. ఏ సైట్ తెరిచినా వందల పడవలు. అన్నీ తెల్లగానే ఉంటాయి, అన్నిట్లోనూ బాల్కనీ ఉంటుంది, అన్నిటికీ రేటింగ్ నాలుగున్నర పైనే. రెండు గంటలు చూశాక మొదట చూసినది ఏదో కూడా గుర్తుండదు.

అన్నీ ఒకేలా కనబడటం మన కంటి తప్పు కాదు. 2012లో హాలాంగ్ ఉన్న క్వాంగ్ నిన్ ప్రావిన్స్ అధికారులు పర్యాటక పడవలన్నిటికీ తెల్ల రంగు వేయించారు. అంతకు ముందు ముదురు గోధుమ రంగు చెక్క పడవలు, నారింజ రంగు తెరచాపలు ఉండేవి. ఇప్పటికీ కొన్ని పడవల మీద తెరచాపలు కనిపిస్తాయి కానీ అవి ఫొటోల కోసమే, పడవ నడిచేది డీజిల్ మీద.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను అందరిలాగే గది ఫొటో చూసి బుక్ చేశాను. గది బాగానే ఉంది. కానీ ఆ గదిలో మెలకువగా ఉన్నది గంటన్నర మించదు. మిగతా సమయమంతా గుహ ముందు వరసలో నిలబడటం, పక్క పడవ కరావోకే వినడం. రెండోసారి బేను ముందు ఎంచుకుని పడవ సంగతి తర్వాత చూశాను. గది చిన్నదే అయినా ప్రయాణం వేరేగా ఉంది. అందుకే ఈ వ్యాసం కూడా అదే వరసలో రాస్తున్నాను: ముందు నీళ్ళు, తర్వాత రాత్రులు, చివరికి పడవ.

## ముందు మీకు ఏది ముఖ్యమో తేల్చుకోండి

పడవల జాబితా తెరిచే ముందు ఇంట్లోవాళ్ళతో కూర్చుని కొన్ని విషయాలు మాట్లాడుకోవాలి. అన్నిటికన్నా పెద్దది రద్దీ. హాలాంగ్ పేరున్న చోటు, పేరున్న చోట జనం ఉంటారు. "ఆ ప్రసిద్ధ గుహ చూడకుండా వస్తే వెళ్ళి ఏం లాభం" అనుకునే మనిషా మీరు, లేక "గుహ లేకపోయినా పర్లేదు, పొద్దున లేచేసరికి చుట్టూ నిశ్శబ్దంగా ఉండాలి" అనుకునే మనిషా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయినట్టే.

రెండోది ఒంటి శ్రమ. క్రూజ్ అంటే కూర్చుని చూడటమే అని చాలామంది అనుకుంటారు. నిజానికి పెద్ద పడవ నుంచి చిన్న పడవలోకి దిగాలి, మళ్ళీ ఎక్కాలి, గుహలో మెట్లు, కొండ మీద మెట్లు, కయాక్‌లో తెడ్డు వేయడం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే ఇది ముందే ఆలోచించాల్సిన విషయం. సముద్రపు వికారం గురించి మాత్రం టెన్షన్ అక్కర్లేదు. వేలకొద్దీ దీవులు అడ్డుగోడలా నిలబడటం వల్ల లోపలి నీళ్ళు మామూలు రోజుల్లో చెరువులా ఉంటాయి. విమానంలో వాంతులు వచ్చేవాళ్ళు కూడా ఇక్కడ హాయిగా భోంచేస్తారు.

మూడోది మీరు వెళ్ళే నెల. దీని గురించి కింద విడిగా రాశాను, ఎందుకంటే చాలామంది నిరాశకు అసలు కారణం పడవ కాదు, పొగమంచు.

ధరను చివర్న పెట్టాను. అది ముఖ్యం కాదని కాదు. బే, రాత్రులు ఖాయమయ్యాక ధర గురించి ఆలోచించడం తేలిక.

## మూడు బేలు, ఒకే రాళ్ళు

బ్రోషర్లలో "హాలాంగ్ బే క్రూజ్" అని రాసి ఉన్నా పడవ వెళ్ళేది మూడు చోట్లలో ఏదో ఒకచోటికి: అసలు హాలాంగ్ బే, దానికి దక్షిణాన క్యాట్ బా దీవిని ఆనుకున్న లాన్ హా బే, ఈశాన్యాన బాయ్ తూ లాంగ్ బే. మూడింటిలోనూ ఒకే సున్నపురాయి. కోట్ల ఏళ్ళపాటు వాన నీళ్ళు ఆ రాయిని కరిగించి కొండలుగా, గోపురాలుగా చెక్కాయి. చివరి మంచుయుగం ముగిశాక సముద్రం పైకి లేచి లోయలను ముంచేసింది. పైకి తేలిన శిఖరాలే ఈ దీవులు. ఒక్క హాలాంగ్‌లోనే సుమారు 1,550 చదరపు కిలోమీటర్లలో 1,600కు పైగా దీవులు, రాళ్ళ గుట్టలు ఉన్నాయి. యునెస్కో 1994లో దీన్ని అందానికి, 2000లో భూగర్భ విశేషానికి ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. 2023లో క్యాట్ బా దీవులను కూడా అందులో కలిపింది. కాబట్టి "మీరు ఎంచుకున్నది అసలు హాలాంగ్ కాదు కదా" అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. లాన్ హా కూడా ఇప్పుడు అదే వారసత్వంలో భాగం.

స్థానికుల కథ వేరే. శత్రువుల ఓడలు దండెత్తి వస్తే ఆకాశం నుంచి తల్లి డ్రాగన్, పిల్ల డ్రాగన్లు దిగి వచ్చి నోట్లోంచి ముత్యాలు, పచ్చలు ఉమ్మాయట, అవే దీవులయ్యాయట. తల్లి దిగిన చోటు హా లాంగ్, పిల్లలు తల్లికి నమస్కరించిన చోటు బాయ్ తూ లాంగ్.

ముందు ఒక పట్టిక, తర్వాత వివరం.

| | హాలాంగ్ | లాన్ హా | బాయ్ తూ లాంగ్ |
|---|---|---|---|
| రద్దీ | ఎక్కువ | మధ్యస్థం, పెరుగుతోంది | తక్కువ |
| పేరున్న గుహలు | ఉన్నాయి, పెద్దవి | చిన్నవి, పడవలో దూరేవి | చిన్నవి |
| ఈత, కయాక్ | కయాక్ బాగుంటుంది, ఈతకు చోట్లు తక్కువ | రెండిటికీ మంచిది | రెండూ ఉన్నాయి, ప్రశాంతంగా |
| మెట్లు | చాలా | తక్కువ | తక్కువ |
| పడవల ఎంపిక | అన్ని ధరల్లోనూ | మధ్యస్థం నుంచి ఖరీదైనవి | తక్కువ పడవలు |
| ఎవరికి | మొదటిసారి, ఒకేసారి చూసేవాళ్ళకు | కుర్రకారుకు, జంటలకు, పిల్లలున్నవాళ్ళకు | నిశ్శబ్దం కోరేవాళ్ళకు, రెండోసారి వచ్చేవాళ్ళకు |

### హాలాంగ్ బే

పోస్టర్ల మీద కనిపించేది ఇదే. చాలా క్రూజ్‌ల కార్యక్రమంలో రెండు పేర్లు ఉంటాయి: సుంగ్ సోట్ గుహ, టీ టాప్ దీవి. బో హోన్ దీవిలో ఉన్న సుంగ్ సోట్ నిజంగానే పెద్దది. మొదటి గది దాటి లోపలికి వెళ్ళేసరికి "ఇంత పెద్ద హాలు కొండ లోపల ఎలా పట్టింది" అనిపిస్తుంది. ఆ పేరుకు అర్థం కూడా ఆశ్చర్యం అనే. వచ్చిన చిక్కల్లా, సరిగ్గా అదే సమయానికి పది పదిహేను పడవల జనం అక్కడికే చేరతారు. ముందు నడిచే గైడ్ జెండాలను చూస్తూ, మెట్ల మీద అడుగు అడుగుగా కదలాల్సి వస్తుంది.

టీ టాప్ వియత్నామీయుల పేరు కాదు. 1962లో సోవియట్ వ్యోమగామి గెర్మన్ టిటోవ్‌ను హో చి మిన్ ఇక్కడికి తీసుకొచ్చి, ఆయన పేరే ఈ దీవికి పెట్టారు. పైకి నాలుగు వందలకు పైగా మెట్లు. ఎక్కితే బే అంతా కాళ్ళ కింద పరుచుకుంటుంది. మీరు ఇంటర్నెట్‌లో చూసిన ఫొటోల్లో సగం ఈ మెట్ల మీంచి తీసినవే. ఎక్కలేనివాళ్ళు కింద చిన్న బీచ్‌లో కూర్చోవచ్చు, అక్కడా జనమే.

రెండు లక్షల డాంగ్ నోటు వెనక ఉన్న ధూపపాత్ర ఆకారపు రాయి, దాని దగ్గర్లో ఉన్న పుంజు–పెట్ట రాళ్ళు ఈ బేలోనివే. ఇంగ్లిష్ బ్రోషర్లు వాటిని కొట్లాడుకుంటున్న కోళ్ళు అంటాయి. వియత్నామీ పేరుకు అర్థం మాత్రం పుంజూ పెట్టా అనే. జగడమో సరసమో చూసినవాళ్ళ ఇష్టం. ఇవి ఎక్కువగా పగటి పడవల దారిలో వస్తాయి. రాత్రి పడవలన్నీ వాటి పక్కనుంచి వెళ్ళవు, చూడాలని ఉంటే అడిగి తెలుసుకోండి.

### లాన్ హా బే

ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగితే, పెద్దగా ఆలోచించకుండా ముందు చెప్పేది దీని పేరే. దీవులు దగ్గర దగ్గరగా ఉంటాయి, వాటి మధ్యలోంచి పడవ పోతుంటే ఇరుకు సందుల్లో తిరిగినట్టు ఉంటుంది. చిన్న చిన్న ఇసుక తీరాలు చాలా. కయాక్‌లో రాయి కింది సొరంగంలోంచి దూరి అవతల గుండ్రటి మడుగులోకి తేలడం ఇక్కడి అసలు సరదా. చీకటి–వెలుగు గుహ అని పిలిచేది అలాంటిదే. ఇక్కడి గుహలకు మెట్లు అక్కర్లేదు, తెడ్డు చాలు.

చాలా పడవలు క్యాట్ బా దీవిలోని వియెట్ హై గ్రామానికి తీసుకెళ్తాయి. రేవు నుంచి ఊరిదాకా సైకిల్ తొక్కుకుంటూ పోవచ్చు, తొక్కలేకపోతే కరెంటు బండి ఉంటుంది. చుట్టూ కొండలు, మధ్యలో పొలాలు. రెండు రోజులు నీళ్ళే చూసిన కళ్ళకు నేల కనిపించడం బాగుంటుంది. క్యాట్ బా జాతీయ ఉద్యానం 1986 నుంచి ఉంది. ప్రపంచంలో మరెక్కడా లేని క్యాట్ బా కొండముచ్చు అక్కడే బతుకుతోంది. మొత్తం వందలోపే మిగిలాయి కాబట్టి అది కనబడుతుందని ఆశ పెట్టుకుని వెళ్ళకండి.

లోటు కూడా చెప్పాలి. లాన్ హా హైఫాంగ్ నగరం పరిధిలోది, హాలాంగ్ క్వాంగ్ నిన్ పరిధిలోది. అనుమతులు, టికెట్లు వేరు వేరు. లాన్ హాకి వెళ్ళే పడవ సాధారణంగా సుంగ్ సోట్ చూపించదు. రెండూ కలిపి చూపిస్తామనే పడవలు ఉన్నాయి, కానీ ఒక్క రాత్రిలో రెండూ అంటే ఎక్కువసేపు ఎక్కడా ఆగరు. ఇంకొకటి, "ఇక్కడ జనం ఉండరు" అని మూడు నాలుగేళ్ళ కిందట రాసిన మాటలు ఇప్పుడు పూర్తిగా నిజం కావు. కొత్త పెద్ద పడవలు చాలావరకు ఇటే వస్తున్నాయి.

### బాయ్ తూ లాంగ్ బే

పడవలు తక్కువ, దీవుల మధ్య ఖాళీ ఎక్కువ. పొద్దున డెక్ మీదకు వస్తే కనుచూపు మేరలో రెండో పడవ లేని చోటు కావాలంటే ఇదే. వుంగ్ వియెంగ్ అనే తేలే పల్లెను వెదురు పడవలో తిప్పి చూపిస్తారు, ముత్యాల పెంపకం చూపిస్తారు. ఒక మాట తెలిసి వెళ్ళడం మంచిది. ఈ బేల్లో తరతరాలుగా నీళ్ళ మీదే ఉన్న కుటుంబాలను 2014 ప్రాంతంలో ప్రభుత్వం ఒడ్డుకు తరలించింది. ఇప్పుడు కనిపించే ఇళ్ళు చాలావరకు పర్యాటకుల కోసం, చేపల పెంపకం కోసం ఉన్నవి. తెడ్డు వేసేవాళ్ళు మాత్రం అక్కడివాళ్ళే. వాళ్ళకు చిన్న టిప్ ఇవ్వడం మర్యాద.

గుహ పరంగా ఇక్కడ చూపించే థియెన్ కాన్ సోన్ చిన్నది. సుంగ్ సోట్ చూసినవాళ్ళకు ఇదేమీ అనిపించదు. పిల్లలకు "చేయడానికి" ఏదో ఒకటి ఉండాలి అనుకుంటే కూడా ఇది కాస్త నీరసమే.

## ఒక రాత్రా, రెండు రాత్రులా, పగలు మాత్రమేనా

"రెండు పగళ్ళు, ఒక రాత్రి" అనే మాట వినగానే రెండు రోజులు పడవ మీద ఉంటామనుకుంటాం. నిజం లెక్క వేరు. హనోయ్‌లో పొద్దున ఎనిమిది ప్రాంతంలో బండి ఎక్కిస్తారు. హైవే పడ్డాక దారి రెండున్నర, మూడు గంటలు. పన్నెండు, పన్నెండున్నరకు పడవ ఎక్కుతారు. భోజనం అయ్యేసరికి రెండు. తర్వాత ఒక గుహో, కయాకో. సూర్యాస్తమయానికి డెక్ మీద ఏదో వంట నేర్పిస్తారు, రాత్రి భోజనం, ఆ తర్వాత స్క్విడ్ పట్టే సరదా. స్క్విడ్ దొరకడం అరుదు, ఆ గేలం పట్టుకుని కబుర్లు చెప్పుకోవడమే దానిలో లాభం. పొద్దున ఆరుంబావుకు తాయ్ చీ, మళ్ళీ ఒక చోటు, తొమ్మిదిన్నరకే గది ఖాళీ చేయమంటారు, పదిన్నర పదకొండున్నర మధ్య రేవు. అంటే ఒక రాత్రి క్రూజ్ అంటే నీళ్ళ మీద ఇరవైమూడు గంటలు, అందులో ఎనిమిది నిద్ర.

అయినా ఒక రాత్రి చాలామందికి సరిపోతుంది. సూర్యాస్తమయం, రాత్రి లంగరు, తెల్లవారు, ఈ మూడూ దక్కుతాయి. పగటి ట్రిప్‌లో దక్కనివి సరిగ్గా ఈ మూడే. హనోయ్ నుంచి ఒక్కరోజులో వెళ్ళివచ్చే ట్రిప్‌లో ఆరు గంటలు రోడ్డు మీదే పోతాయి, పడవ మీద ఉండేది నాలుగైదు గంటలు. దానికి ఖర్చు 40–60 డాలర్ల చుట్టుపక్కల కాబట్టి చవకే. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో, అందరితో పాటు చూసే హాలాంగ్ అది. సమయం నిజంగా లేకపోతే వెళ్ళండి. డబ్బు కోసమే అయితే ఇంకో దారి ఉంది, కింద చెప్తాను.

రెండు రాత్రుల్లో అసలు రహస్యం రెండో రోజు ఉంటుంది. చాలా కంపెనీల్లో ఆ రోజు మీ పెద్ద పడవ రేవుకి వెళ్ళి ఒక రాత్రి వాళ్ళను దింపి, కొత్తవాళ్ళను ఎక్కించుకుని వస్తుంది. రెండు రాత్రులవాళ్ళను ఒక చిన్న పడవలోకి మార్చి, దూరంగా ఉండే చోట్లకు తీసుకెళ్తారు. కొందరికి ఇది చిరాకు: "ఇంత డబ్బు పోసి కొన్న గదిలో పగలు ఉండనివ్వరా?" నాకైతే మొత్తం ప్రయాణంలో బాగున్నది ఆ రోజే. పదిమందే ఉంటారు, హడావిడి లేదు, ఈత కొట్టడానికి టైమ్ చూడక్కర్లేదు. కాబట్టి రెండు రాత్రులు తీసుకునేవాళ్ళు రెండో రోజు పడవ ఎలా ఉంటుందో, ఎక్కడికి పోతుందో తప్పకుండా అడగాలి. వియత్నాంలో మీకున్నది వారం రోజులే అయితే రెండు రాత్రులు ఇక్కడ పెట్టమని మాత్రం చెప్పను.

## ఇప్పుడు పడవ

ఇద్దరు ఒక గదిలో ఉండే లెక్కన, ఒక్క రాత్రికి మనిషికి సుమారుగా:

| తరహా | ధర | ఏమి ఆశించవచ్చు |
|---|---|---|
| చవక | 100–130 డాలర్లు | పాత చెక్క పడవ, చిన్న గది, కిటికీ, ఇంజిన్ చప్పుడు వినపడవచ్చు |
| మధ్యస్థం | 150–220 డాలర్లు | శుభ్రమైన గది, తరచూ చిన్న బాల్కనీ, భోజనం బాగుంటుంది |
| ఖరీదైనది | 250 డాలర్ల నుంచి పైకి | ఉక్కు పడవ, పెద్ద బాల్కనీ, బాత్‌టబ్, స్పా, కొన్నిట్లో చిన్న ఈతకొలను |

వంద డాలర్లంటే సుమారు 26 లక్షల డాంగ్‌లు. లక్షల్లో చూసి గుండె జారకండి, అక్కడ కాఫీకి కూడా వేలల్లోనే ఇవ్వాలి. సీజన్‌ను బట్టి ఈ ధరలు పైకీ కిందికీ పోతాయి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు గది మొత్తానికి అదనంగా కట్టాలి, అది సగం నుంచి దాదాపు రెండో మనిషి ధర దాకా ఉంటుంది.

చవక, మధ్యస్థం మధ్య తేడా కళ్ళకు కనబడుతుంది. భోజనం, శుభ్రత, గైడ్ మాట్లాడే తీరు, అన్నీ మారతాయి. మధ్యస్థం, ఖరీదైనది మధ్య తేడా ఎక్కువగా గదిలోనే ఉంటుంది. గుహ అదే, కయాక్ అదే, సూర్యుడు అదే. హనీమూన్ అయితే సరే, లేదా ఆ బాల్కనీలోనే కూర్చుని గడపాలని ముందే నిర్ణయించుకుంటే సరే. లేకపోతే ఆ మిగులు డబ్బుతో రెండో రాత్రి తీసుకోవడం మంచిది అంటాను. చవకదాంట్లోకి వెళ్ళాలా అంటే, రాత్రి పడవల విషయంలో మరీ అడుగు ధరకు దిగవద్దు. కారణం సుఖం కాదు, భద్రత.

2011 ఫిబ్రవరిలో టీ టాప్ దగ్గర లంగరు వేసిన ఒక రాత్రి పడవ తెల్లవారుజామున మునిగి పన్నెండు మంది చనిపోయారు. 2025 జులైలో పగటి పడవ ఒకటి హఠాత్తుగా వచ్చిన గాలివానకు తిరగబడి ముప్పై మందికి పైగా చనిపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. రోజూ వేలమంది క్షేమంగా వెళ్ళి వస్తారు. కానీ పడవ ఎక్కగానే లైఫ్ జాకెట్ ఎక్కడుందో, గది నుంచి డెక్‌కు దగ్గరి దారి ఏదో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. చిన్న పడవలోకి మారినప్పుడు జాకెట్ బకిల్ పెట్టుకోండి, ఊరికే భుజాన వేసుకోవద్దు.

పడవ పెద్దదా చిన్నదా అనేది ధరతో సంబంధం లేని ప్రశ్న. నలభై గదుల పడవలో బఫే, లిఫ్ట్, పిల్లలకు తోడు దొరుకుతారు. కానీ కయాక్‌కు వంతులు వేస్తారు, దిగడానికీ ఎక్కడానికీ వరస. పది గదుల పడవలో రాత్రి భోజనానికి వచ్చేసరికి అందరి పేర్లూ తెలిసిపోతాయి. నాకు చిన్నదే ఇష్టం. నడవలేని పెద్దవాళ్ళుంటే మాత్రం లిఫ్ట్ ఉన్న పెద్ద పడవే సుఖం.

నలుగురూ చెప్పని విషయం: ఏ పడవా తనకు నచ్చినచోట రాత్రి ఆగడానికి లేదు. అధికారులు కొన్ని చోట్లు నిర్ణయించారు, అందరూ అక్కడే లంగరు వేయాలి. కాబట్టి "ఏకాంతంగా దీవుల మధ్య రాత్రి" అని రాసినా, హాలాంగ్‌లో చుట్టూ ఇరవై పడవల లైట్లు కనిపిస్తే మోసం అనుకోకండి. ఆ లైట్లు కూడా ఒక అందమే, ఎవరూ పాటలు పెట్టనంతవరకు.

## నెల తప్పితే అన్నీ తప్పినట్టే

అక్టోబరు, నవంబరు, డిసెంబరు మొదటి భాగం: ఆకాశం తేటగా, గాలి చల్లగా. ధరలు ఎక్కువే అయినా ఈ నెలల్లో ఏ బే అయినా బాగుంటుంది. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా చలి. ఉత్తర వియత్నాం వెచ్చగా ఉంటుందని నమ్మి సగం చేతుల చొక్కాలతో వెళ్ళినవాళ్ళు డెక్ మీద దుప్పటి కప్పుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఈత మాట మర్చిపోవాలి, కాబట్టి అప్పుడు లాన్ హా కన్నా గుహలున్న హాలాంగ్ మేలు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో సన్నటి తుంపర, పొగమంచు. ఒక్కోరోజు ఎదురుగా ఉన్న దీవి కూడా కనబడదు. ఫొటోగ్రాఫర్లు కొందరు దీనికోసమే వస్తారు. చైనా సిరాచిత్రంలాగా ఉంటుంది మరి. మీకు నీలి నీళ్ళు కావాలంటే ఇది మీ కాలం కాదు. ఏప్రిల్ రెండో సగం, మే బాగుంటాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎండ, ఉక్క, మధ్యాహ్నాలు ఉరుములు, మధ్యలో తుఫాన్లు. 2024 సెప్టెంబరులో యాగీ తుఫాను ఈ తీరం మీదే విరుచుకుపడి ఎన్నో పర్యాటక పడవలను ముంచేసింది. తుఫాను హెచ్చరిక ఉంటే రేవు అధికారులు పడవలను కదలనివ్వరు. కంపెనీతో వాదించి లాభం లేదు, వాదించకూడదు కూడా. ఈ నెలల్లో వెళ్తే క్రూజ్‌ను హనోయ్ బసలో మొదటి రోజులకు పెట్టుకోండి. రద్దయితే ఒకటి రెండు రోజులు జరపడానికి చోటుంటుంది. తిరుగు విమానానికి ముందు రోజుకు పెట్టుకోవడం ఏ నెలలోనైనా తెలివితక్కువే.

## ఎవరు ఏది తీసుకుంటే బాగుంటుంది

మొదటిసారి వెళ్తూ, మళ్ళీ వస్తామో రామో తెలియని కుటుంబం: హాలాంగ్, ఒక రాత్రి, మధ్యస్థ పడవ, సుంగ్ సోట్ ఉన్న కార్యక్రమం. రద్దీని భరించండి, ఆ గుహ దానికి తగినదే.

కొత్త జంట: లాన్ హా, బాల్కనీ గది. రెండు రాత్రులు వీలైతే ఇంకా మంచిది.

పదేళ్ళ పిల్లలున్నవాళ్ళు: లాన్ హానే. కయాక్, సైకిల్, ఇసుక మూడూ ఒకచోటే. ఐదేళ్ళలోపు పిల్లలుంటే బాల్కనీ రెయిలింగ్ ఫొటో అడిగి చూసుకోండి, కమ్మీల మధ్య ఖాళీ ఎంతుందో.

మోకాళ్ళు మొరాయించే అమ్మానాన్నలు: ఇక్కడే చాలామంది పొరపడతారు. పెద్దవాళ్ళు కదా అని ఖరీదైన పడవ తీసుకుని, హాలాంగ్‌లో గుహ మెట్ల కింద కూర్చోబెడతారు. వాళ్ళకు బాయ్ తూ లాంగ్ సరైనది. వెదురు పడవలో వేరేవాళ్ళు తెడ్డు వేస్తుంటే కూర్చుని చూడటమే పని. రాత్రి పడవే వద్దంటే హనోయ్‌కి దక్షిణాన వంద కిలోమీటర్ల లోపే ఉన్న నిన్ బిన్ దగ్గర ట్రాంగ్ ఆన్ చూపించండి. ఇవే కొండలు, సముద్రం బదులు నది. రెండు మూడు గంటలు తెడ్డు పడవలో తిప్పుతారు. 2014 నుంచి అదీ ప్రపంచ వారసత్వమే. దాన్ని నేల మీది హాలాంగ్ అంటారు, ఆ మాటలో అతిశయోక్తి పెద్దగా లేదు.

డబ్బు చూసుకునే కుర్రవాళ్ళు: ఇందాక చెప్తానన్న దారి ఇది. బస్సు, ఫెర్రీ పట్టుకుని క్యాట్ బా ఊళ్ళో హోటల్‌లో దిగి, అక్కడి నుంచి లాన్ హాకు పగటి పడవ తీసుకోండి. హనోయ్ రోడ్డు లేదు కాబట్టి పగలంతా నీళ్ళ మీదే. రాత్రి లంగరు దక్కదు, జేబు మిగులుతుంది.

ఒంటరి ప్రయాణికులకు అదనపు గది ధరే పెద్ద అడ్డు. గది పంచుకునే పద్ధతి ఉన్న చవక పడవలు, లేదంటే క్యాట్ బా ఊరు.

## డబ్బు కట్టే ముందు

పేరు అక్షరం అక్షరం సరిచూడండి. ఒకదానికొకటి దగ్గరగా వినబడే పేర్లతో పడవలు చాలా ఉన్నాయి, ఏజెంట్ చెప్పినది ఒకటి, రేవులో నిలబడినది ఇంకొకటి కావచ్చు. ఏ రేవు నుంచి ఎక్కాలో కూడా రాతలో తీసుకోండి. తువాన్ చౌ, హోన్ గై, గోట్ మూడూ దగ్గర దగ్గరగా లేవు.

ధరలో ఏం కలిసి ఉందో అడగాలి. హనోయ్ నుంచి రానుపోను బండి కొన్నిట్లో ఉంటుంది, కొన్నిట్లో విడిగా కట్టాలి. బే ప్రవేశ టికెట్లు, కయాక్ మామూలుగా కలిసే ఉంటాయి. తాగేవి దాదాపు ఎప్పుడూ విడిగానే. మీ సీసా మీరు తెచ్చుకున్నా తెరిచినందుకు రుసుము అడుగుతారు. 2019 నుంచి హాలాంగ్‌లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వద్దన్నారు, కాబట్టి స్టీలు సీసా వెంట ఉంచుకోండి. పాస్‌పోర్ట్, వీసా కాపీ పెద్ద పెట్టెలో అడుగున పెట్టొద్దు. రేవులోనే నమోదుకు అడుగుతారు.

శాకాహారులైతే బుకింగ్‌తో పాటే రాయండి, పడవ ఎక్కాక చెప్తే లాభం తక్కువ. వంటసరుకు రేవులోనే ఎక్కించేస్తారు. అక్కడ శాకాహారాన్ని "అన్ చాయ్" అంటారు, టీతో సంబంధం లేదు. "కూరగాయలు మాత్రమే" అని రాస్తే చాలదు. నువోక్ మామ్ అనే చేపల రసం, ఆయిస్టర్ సాస్ కూరగాయల్లో కూడా పోస్తారు. అవి రెండూ వద్దని పేరు పెట్టి చెప్పాలి. గుడ్డు తింటారో లేదో కూడా. మేము ఇలా రాస్తే ఒక కంపెనీ నుంచి "సరే" అని ఒక్క మాట వచ్చింది. ఇంకో కంపెనీ నుంచి మూడు పూటలా ఏం వండిపెడతారో జాబితా వచ్చింది, చివర్న కారం ఎంత వేయమంటారని అడుగుతూ. ఆ రెండో పడవ గది కాస్త చిన్నదే. దానికే డబ్బు కట్టాం.